నిజాం రెండో కోడలు నిలోఫర్

షరీఅత్ దృష్టిలో నికాహ్ ఒక ఒడంబడిక. ఒడంబడిక గనుక అది తెగిపోయే సందర్భమూ ఉంటుంది. తెగిన నాడు ఎవరిది ఎవరికి చెందాలో కూడా షరీఅత్ ముందే నిర్ణయించింది. కూలీనాలీ చేసుకునేవారి ఇంట ఈ లెక్క ఒక పూటలో తేలిపోతుంది. నగలు, మేడలు, పొలాలు ఉన్న ఇంట్లోనే చిక్కు. ఆ కోణం నుంచి హైదరాబాదు నిజాం రెండో కోడలు నిలోఫర్ జీవితం తెలుసుకోదగినది. ఆమె పేరు మన పల్నాడులో చాలామందికి తెలుసు. బిడ్డకు జబ్బు ముదిరితే మాచర్ల, గురజాల వైపు నుంచి సాగర్ మీదుగా నిలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తిన కుటుంబాలున్నాయి. ఆ నిలోఫర్ ఎవరో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆమె 1916లో ఇస్తాంబుల్‌లో జన్మించారు. తల్లి ఆదిలా సుల్తాన్ ద్వారా తుర్కీ సుల్తాన్ ఐదవ మురాద్‌కు మునిమనుమరాలు. పసితనంలోనే తండ్రి పోయారు. 1924లో ఖిలాఫత్ రద్దై, రాజవంశాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు తల్లీకూతుళ్ళు ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం చేరారు. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూడా అక్కడే తలదాచుకున్నారు. ఆయనకు నెలనెలా భత్యం పంపినవారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్.

నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్వార్‌తో సంబంధం అనుకున్నప్పుడు మహర్ దగ్గర మాట ఆగింది. ఖలీఫా యాభై వేల పౌండ్లు కోరారనీ, నిజాంకు అది ఎక్కువ అనిపించిందనీ, మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిగా నిలిచి అదే మొత్తానికి నిలోఫర్‌ను చిన్న కుమారుడు మొఅజ్జం జాకు ఇచ్చేటట్లు కుదిర్చారనీ చరిత్ర రాసినవారు చెబుతారు. 1931 నవంబరులో నీస్‌లోనే రెండు నికాహ్‌లూ జరిగాయి. నిలోఫర్ వయస్సు అప్పటికి పదిహేనేళ్ళు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇద్దరు వధువులకు కలిపి ఒక మొత్తం అనేది సంబంధాలు కుదిర్చే పెద్దల బేరమేగాని మహర్ పద్ధతి కాదు. మహర్ ఏ స్త్రీది ఆ స్త్రీకే. తండ్రికి గాని, పెద్దలకు గాని అందులో వాటా లేదు. మన వైపు ఇంకో విపరీతం ఉంది. జోడేకీ రఖం పేరిట వధువు వారి దగ్గర లక్షలు పుచ్చుకుని, నికాహ్‌నామాలో మహర్ గడిలో వందలు రాస్తారు!

హైదరాబాదులో కొత్త దంపతులు హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో కాపురం పెట్టారు. మొఅజ్జం జా కవి. ఊరి నడిబొడ్డున ఉన్న మొఅజ్జం జాహీ మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు. నిలోఫర్ పరదా వదిలి సభలకు వెళ్ళారు, యుద్ధకాలంలో నర్సు శిక్షణ పొంది సేవ చేశారు. కాని సంతానం కలగలేదు. 1948లో మొఅజ్జం జా మరో వివాహం చేసుకున్నారు. ఆ మరుసటి ఏడు ఆమె పరిచారిక రఫతున్నిసా కాన్పులో మరణించింది. ఆ దుఃఖంలోంచే తల్లీబిడ్డలకు ఆసుపత్రి కావాలన్న పట్టుదల వచ్చింది. 1953లో అది తెరుచుకునేనాటికి ఆమె నిజాం కోడలు కారు. 1952లోనే విడాకులు అయిపోయాయి.

ఇలాంటి విడాకుల్లో ఆస్తి సంగతి ఎలా చూడాలి? కాపురం జరిగిన తర్వాత తలాఖ్ ఇస్తే మహర్ మొత్తం భర్త మీద అప్పు. కాపురానికి ముందే తెగితే సగం. భార్యకు ధనరాశి ఇచ్చి ఉన్నా అందులోంచి ఏమీ వెనక్కి తీసుకోరాదని సూరె నిసా ఇరవయ్యో ఆయత్ ఆదేశిస్తుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం భర్త భార్యకు కానుకగా ఇచ్చి చేతిలో పెట్టిన నగ తిరిగి అడిగే హక్కు అతనికి లేదు. వాడుకోవడానికి ఇచ్చినదైతే వేరు. అందుకే పెద్ద ఇళ్ళలో ఏది కానుకో, ఏది వాడుకకో పెళ్ళినాడే కాగితం మీద పెట్టుకోవడం మంచిది. 1986 నాటి చట్టం కూడా మహర్‌తో పాటు పెళ్ళికి ముందు, పెళ్ళినాడు, ఆ తర్వాత బంధుమిత్రులూ భర్తా ఇచ్చిన ఆస్తి అంతా విడాకులు పొందిన స్త్రీదేనంటుంది. ఆమె భవిష్యత్తుకు సరిపడే ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని 2001లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఖులా సంగతి వేరు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య తనంతట తానే విడిపోదలచినప్పుడు, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇవ్వడానికి ప్రవక్త (స) ఆమెను ఒప్పించి విడదీశారు. ఈ సంఘటనను అడ్డం పెట్టుకుని కొందరు ఎత్తు వేస్తారు. విడిచిపెట్టాలన్నది భర్త కోరిక; మహర్ ఎగవేయడానికి భార్యను సతాయించి, ఆమె నోటనే ఖులా అడిగిస్తారు. ఇచ్చినదానిలో కొంత రాబట్టుకోవడానికి భార్యలను ఇబ్బంది పెట్టవద్దని అదే సూరె పంతొమ్మిదో ఆయత్ హెచ్చరిస్తుంది. కనుక జమాఅత్ పెద్దలు ముందుగా తేల్చుకోవలసింది సొత్తు ఎంత అని కాదు, విడిపోవాలని కోరుకున్నది నిజంగా ఎవరు అని. పిల్లలు లేరన్న కారణంతో భార్యను వదిలేసేవాడికి మహర్ మాఫీ లేదు.

విడాకుల తర్వాత నిలోఫర్ పారిస్‌లోనే ఉండిపోయారు. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికా దేశస్థుణ్ణి వివాహమాడారు. మొఅజ్జం జా 1987లో కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, 1989 జూన్‌లో, ఆమె కూడా పారిస్‌లో మరణించారు. నగరం పక్కన బోబిన్యీలోని ముస్లిం ఖబరస్తాన్‌లో ఆమెను ఖననం చేశారు.