దీపాలదిన్నె తవ్వించిన రాజుగారు

మంగళగిరి గాలిగోపురం మీలో చాలామంది చూసే ఉంటారు. 11 అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య దాన్ని కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గురించే ఈ వ్యాసం. మా గుంటూరు వైపు పెద్దవాళ్ళు ఆయన్ని మహాదాత అంటారు. బంగారంతో తులాభారం తూగి పంచిపెట్టాడని, చేబ్రోలులో బ్రహ్మదేవుడికి గుడి కట్టించాడని గొప్పగా చెప్తారు. నాకు మాత్రం ఆయన పేరు వినగానే గోపురం కన్నా ముందు ఒక మట్టిదిబ్బ గుర్తొస్తుంది.

వెంకటాద్రి నాయుడు 1783లో జమీందారు అయ్యాడు. అప్పటికి వాళ్ళ కోట కృష్ణ ఒడ్డున చింతపల్లిలో ఉండేది. 1790ల్లో ఆయన అమరేశ్వరస్వామి గుడి దగ్గరికి మకాం మార్చి కొత్త పట్నం వేయించాడు. అదే అమరావతి. పట్నం అన్నాక కోట, ఇళ్ళు, వీధులు అన్నీ కావాలి. వాటికి బోలెడు రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అని పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, బొమ్మలు చెక్కిన తెల్లటి రాతి పలకలు బయటపడ్డాయి. పనివాళ్ళకి అది ఖర్చు లేకుండా దొరికిన రాయి. నిజానికి అది దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ మహాస్తూపం.

ఈ వార్త విని 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ అనే కంపెనీ ఇంజనీరు వచ్చి చూశాడు. తర్వాత దాని మీద వ్యాసం కూడా రాశాడు. మళ్ళీ 1816లో మనుషుల్ని వెంటేసుకుని వచ్చేసరికి దిబ్బ నడిమధ్యలో చెరువు తవ్వేసి ఉంది. మిగిలిన పలకల్ని అతని మనుషులు ఒక్కొక్కటిగా బొమ్మలు గీశారు. వాటిలో కొన్ని రాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ బొమ్మలే మనకి మిగిలిన బ్యాకప్.

నాయుడుగారి గురించి ఇంకో కథ కూడా మా వైపు చెప్పుకుంటారు. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచుల్ని విందుకి పిలిచి నరికించాడట. నరుకుళ్ళపాడు అనే ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందంటారు. ఆ తర్వాత ఆయన అన్నానికి కూర్చుంటే విస్తట్లో పురుగులు కనిపించేవని, ఆ పాపం పోవడానికే ఇన్ని గుళ్ళు కట్టించాడని చెప్తారు. ఎంత నిజమో గానీ, దాతగా పొగిడే జనమే ఈ కథనీ మర్చిపోకుండా చెప్పుకోవడం నాకు నచ్చింది.

1816లోనే ఆయన పోయాడు. ఇద్దరు దత్తపుత్రులు ఆస్తి కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. రాళ్ళ కథ మాత్రం ఆగలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించి చాలా పలకల్ని మద్రాసు చేర్చాడు. 1859లో వాటిలో చాలావరకు ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఇప్పుడు అమరావతి శిల్పాలు చూడాలంటే బ్రిటిష్ మ్యూజియంకో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకో వెళ్ళాలి. మన అమరావతి మ్యూజియంలోనూ కొన్ని ఉన్నాయి. రాజుగారి కోట చూడ్డానికి మాత్రం ఎవరూ పనిగట్టుకుని రారు.

ఆయన్ని విలన్ అనేయడం తేలిక. కానీ ఆ దిబ్బ ఏంటో ఆయనకి చెప్పేవాళ్ళు అప్పుడు ఊళ్ళో ఎవరూ లేరు. ఆ స్తూపాన్ని జనం ఎప్పుడో మర్చిపోయారు. ఆయన తవ్వించకపోతే మెకంజీ వచ్చేవాడూ కాదు. అలాగని జరిగిన నష్టం చిన్నదేం కాదు.

ఇప్పుడు మన రాష్ట్ర రాజధానికి పెట్టింది ఆయన వేయించిన ఊరి పేరే. అక్కడ కట్టడాలు లేస్తున్నాయి. మన సివిల్ బ్రాంచి వాళ్ళలో కొందరు రేపు అక్కడే పనిచేస్తారేమో. పునాది తవ్వేటప్పుడు చెక్కిన రాయి ఒకటి తగిలితే ఏం చేయాలో ఆయనకి తెలియదు. మనకి తెలుసు. పని ఆపి పురావస్తు శాఖకి ఫోన్ చేయాలి.