పదువాలో తొలి పట్టం

పదువా అనగానే మీకు పునీత అంతోనివారు గుర్తుకొస్తారు. ఆ పట్టణంలోనే 1678 జూన్ 25న ఒక పరీక్ష జరిగింది. జనం పోటెత్తడంతో విశ్వవిద్యాలయ మందిరం చాలక మేత్రాసన దేవాలయంలో జరిపారు. పరీక్షకు నిలబడినది 32 ఏళ్ల స్త్రీ, ఎలేనా కొర్నారో పిస్కోపియా.

వెనిస్ ప్రభువంశంలో 1646లో పుట్టిన ఆమెకు తండ్రి చిన్ననాడే లతీను, గ్రీకు చెప్పించారు. తర్వాత హెబ్రీ, అరబ్బీ కూడా నేర్చింది. పెళ్లి వద్దనుకొని, పుట్టింట్లోనే ఉంటూ పునీత బెనెడిక్టువారి నియమాన్ని పాటించింది.

మొదట అడిగింది దైవశాస్త్ర పట్టం. స్త్రీకి అది తగదని పదువా మేత్రాణులు కార్డినల్ గ్రెగోరియో బార్బరిగోగారు తోసిపుచ్చారు. చివరకు తత్వశాస్త్రానికి ఒప్పుకున్నారు. ఆ మేత్రాణులే 1960లో పునీతులుగా ప్రకటింపబడ్డారు. ఈ సంగతి మీకు దాచడమెందుకు?

ఆ రోజు ఆమె అరిస్టాటిల్ గ్రంథ భాగాలను లతీనులో వివరించింది. సెమినరీలో అరిస్టాటిల్‌తో కుస్తీపట్టిన నాకు అదెంత కష్టమో తెలుసు! పండితులు ముక్తకంఠంతో ఆమెకు పట్టమిచ్చి, వేలికి ఉంగరం తొడిగి, తలపై లారెల్ ఆకుల కిరీటం పెట్టారు. తత్వశాస్త్రంలో డాక్టరు పట్టం పొందిన తొలి మహిళగా చరిత్ర ఆమెను గుర్తిస్తోంది.

కానీ పదువా వెంటనే ఆ తలుపు మూసేసింది. ఇటలీలో మరో స్త్రీకి, లౌరా బస్సీకి, డాక్టరు పట్టం దక్కింది 54 ఏళ్ల తర్వాత, 1732లో, అదీ బొలోన్యాలో. విశ్వవిద్యాలయాలు స్త్రీలందరికీ చట్టరీత్యా తెరుచుకున్నది 1870ల దశకంలోనే. నేడు ఆ దేశపు పట్టభద్రుల్లో సగానికి పైగా స్త్రీలే.

ఎలేనా 38వ ఏట, 1684లో మరణించింది. పదువాలోని పునీత జుస్తీనా దేవాలయంలో ఆమెను సమాధి చేశారు.