కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారును, వీథినటుల గౌరవమును



ఈ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఈ యేటి సభలో గ్రామ నాటక సమాజముల నటులకు బహుమానము లీయవలెనను తీర్మానము చర్చకు రానున్నదనియు, వ్యాసము దానికి సంబంధించినదైనచో మేలనియు సెలవిచ్చిరి. నాకు వెంటనే స్ఫురించినది సురవరము ప్రతాపరెడ్డిగారి నామము. వారు నటులు కారు. ముఖమునకు రంగు పూసికొని తెరముందు నిలిచినట్లు నేనెన్నడును వినలేదు. లోకము వారిని పత్రికాధిపతులుగను, చరిత్రకారులుగను ఎరుగును. అయినను వీథులలో ఆడి పాడి పొట్ట పోసికొన్నవారిని సగౌరవముగా చరిత్రగ్రంథములోనికి తోడ్కొని వచ్చిన పండితులు తెలుగునాట మిక్కిలి కొలదిమంది. వారిలో ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు. పైగా వారు మన సీమవారు.

వారి స్వగ్రామము గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు. 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన జన్మించిరి. కర్నూలులోను, హైదరాబాదులోను, మద్రాసులోను విద్య నభ్యసించి న్యాయశాస్త్ర పట్టము నొందిరి. ఆంధ్ర గీర్వాణములతోపాటు ఆంగ్లము, ఉర్దూ, పారసీకము వారికి స్వాధీనములు. న్యాయవాద వృత్తిలో ధనము గడింపవలసిన వయస్సున, కొత్వాలు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహముచే హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహ భారమును వహించి, అచట గొప్ప గ్రంథాలయమును పెంపొందించిరి. పల్లెటూళ్ల నుండి పట్టణమునకు వచ్చి అన్నమునకును, దీపమునకును అలమటించు బాలురకు ఆ గృహ మెట్టి యాశ్రయమైనదో మన పెద్దలు కథలుగా చెప్పుచుండిరి.

ఆనాటి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానముల సంగతి కొంత చెప్పక తప్పదు. పండితపోషణచే గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రశస్తి గలిగినది. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములకు వచ్చి అవధానములు చేసి సత్కృతులైరి. శాస్త్రము చదివినవానికి శాలువ, కవికి వార్షికము, ఇట్లు ఆస్థానమున ఎవరి మర్యాద వారికి గలదు. కాని కోటగోడ కీవల, ఊరి చావడి ముందర, రెండు కాగడాల వెలుగులో తెల్లవారులు భాగవతమాడిన వానికి దక్కినదేమి? కళ్లములో నాలుగు చేటల ధాన్యము, ఒక పాతవస్త్రము. వాని పేరు ఏ శాసనమున నున్నది? సంస్కృతము చదువుకొన్న మా బోంట్లము కూడ ఆ ప్రశ్న వేసికొనలేదు.

హైదరాబాదు రాజ్యమున తెలుగునకు గౌరవము లేని కాలమది. 1921లో హైదరాబాదునందలి యొక సభలో ఒకరు తెలుగున మాటలాడగా శ్రోతలు గేలి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడినది. వారమునకు రెండు పర్యాయములు వచ్చు ఆ పత్రికను ప్రతాపరెడ్డిగారు అనేక మారుపేర్లతో తామే వ్రాసి నింపిన దినములును గలవు. సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనను గస్తీ నిషాను 53 ప్రజలను పీడించిన రోజులలో, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు.

తెలంగాణమున కవులు లేరని ముడుంబ వేంకట రాఘవాచార్యులవారు వ్రాసిరి. దానికి ప్రతాపరెడ్డిగారు చేసిన సమాధానము జగద్విదితము. కోపముతో సంపాదకీయము వ్రాసి యూరకుండిన, నాలుగు దినములలో జనులు మరచియుందురు. వారట్లు చేయక, ఊరూరి నుండి పద్యములు రప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. వారిలో మహాకవులెందరు, సామాన్యులెందరు అని అడుగువారు నేటికిని గలరు. నా యభిప్రాయమున నది అప్రస్తుతము. లేరు అన్నవానికి ఉన్నవారి పేళ్లు చదివి వినిపించుటకంటె వేరు జవాబు లేదు.

ఈ పేళ్లు చదువుట యనునది నాటకములయందు మనకు చిరపరిచితము. నా చిన్నతనమున మా యూరిలో హరిశ్చంద్ర యాడుచుండగా, మంచి పద్యము పూర్తియైనంతనే హార్మోనియము ఆగెడిది. ఒకడు ముందునకు వచ్చి ఫలానావారు రెండు రూపాయలు, ఫలానా వారి కోడలు అర్ధరూపాయి బహుమాన మిచ్చినారని యెలుగెత్తి చదివెడివాడు. రాజ్యము పోగొట్టుకొన్న హరిశ్చంద్రుడు ఆ యర్ధరూపాయికి నమస్కరించి మరల శ్మశానమునకు పోవువాడు! రసభంగమని మా సంస్కృతోపాధ్యాయులు విసుగుకొనెడివారు. నేను కూడ చాలకాల మట్లే తలచితిని. ఇప్పుడు తలపోయగా, చదివిన పేళ్లన్నియు ఇచ్చినవారివే గాని పుచ్చుకొన్నవానిది కాదని తోచుచున్నది.

ఈ సందర్భమున నా తప్పిదమొకటి విన్నవించుకొందును. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నాగర్‌కర్నూలు ప్రాంతమున నొక గ్రామములో పద్యనాటక పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిరి. వ్యవసాయకూలి యొకడు హరిశ్చంద్రుడుగా వచ్చెను. శకార సకారములకు వానియొద్ద భేదము లేదు. సమాసమును నడుమ విరిచెను. కాటిసీనున వాడు కొడుకు శవమును గుర్తుపట్టి నోట మాట రాక నిలిచినప్పుడు, నా ప్రక్క కూర్చున్న ముదుసలి కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చుచుండెను. నేను మాత్రము ఉచ్చారణకు మార్కులు తగ్గించి, ప్రథమ బహుమానము వేరొకని కిచ్చితిని. వాడు వచ్చి నా పాదములకు మ్రొక్కి పోయెను. కొన్ని సంవత్సరములకు పిమ్మట ఆ యూరికి పోయి విచారింపగా చనిపోయినాడనిరి. నా కాగితమున వానికి వరుససంఖ్య మాత్రమే యుండెను. పేరు నేనడుగలేదు.

ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది. రాజులయుద్ధములు చరిత్రమను నమ్మకము దృఢముగా నున్న కాలమున, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, రాత్రి ఏ వినోదము చూచిరి అని వారు విచారించిరి. పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములను వారు అలంకారములకొరకు గాక ఆనవాళ్ల కొరకు చదివిరి. క్రీడాభిరామము దశరూపకములలో వీథి యను భేదమునకు చెందినదని మేము తరగతిలో లక్షణము చెప్పి ముగించెడివారము. వారికి అందలి ఓరుగల్లు వీథులే ముఖ్యములు. ఆ వీథులలో వాద్యము మ్రోయించుచు పాడుచున్న జక్కుల స్త్రీ ముఖ్యము. తోలుబొమ్మలాటలు, యక్షగానములు, జాతరలలోని వేషములు, ఇవన్నియు వారి గ్రంథమున రాజుల సరసన స్థానము పొందినవి.

మన నిఘంటుకారుల యలవాటొకటి గలదు. పల్లెపదము తగిలెనా, క్రీడావిశేషము, వాద్యవిశేషము అని వ్రాసి దాటిపోవుదురు. ఆ యాట యెట్లాడుదురు, ఆ వాద్యమును ఎవరు మ్రోయింతురు అని యడుగరు. ప్రతాపరెడ్డిగారు ఈ విశేషములతో తృప్తి చెందక, తెలిసినవారిని అడిగి, తెలిసినంత వ్రాసి, తెలియనిది తెలియదని యొప్పుకొనిరి. పండితుడు తెలియదని వ్రాయుట యెంత కష్టమో నలువదేండ్లు పాఠము చెప్పిన నాకు తెలియును.

వారు స్వయముగ నాటకములును రచించిరి. భక్త తుకారాము, ఉచ్చల విషాదము అనునవి వారి కృతులు. మొదటిది మహారాష్ట్ర భక్తుని పేరు దాల్చినది. ఉచ్చలుడను పేరు వినగనే సంస్కృతజ్ఞులకు కల్హణుని రాజతరంగిణిలోని కాశ్మీర నృపతి స్మరణకు వచ్చును. హైందవ ధర్మవీరులు, హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు మొదలగు తక్కిన గ్రంథములను గూర్చి విస్తరింపను. అవి గ్రంథాలయములలో దొరకును.

1951లో ప్రజావాణి యను పత్రికను స్థాపించిరి. 1952 ఎన్నికలలో వనపర్తి ప్రజలు వారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. అప్పటికి సంస్థానములు పోయినవి. వార్షికములును, శాలువలును వానితోడనే పోయినవి. కళాకారుని గౌరవించు భారము రాజునుండి ప్రజలమీదికి వచ్చిన ఆ సమయముననే, 1953 ఆగస్టు 25వ తేదీన ప్రతాపరెడ్డిగారు పరమపదించిరి. వయస్సు ఏబదియేడు సంవత్సరములు మాత్రమే.

కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తన మొట్టమొదటి పురస్కారమును 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించినది. పుచ్చుకొనుటకు గ్రంథకర్త లేరు. రెండేండ్లు ఆలస్యమైనది. సన్మానము ఆలస్యమగుట మన దేశమున క్రొత్త గాదని కొందరు సమాధానము చెప్పుకొందురు. నాకది సమాధానముగ తోచదు. నేడు మనయెదుట నున్న తీర్మానమున బహుమానము డెబ్బదియేండ్లు నిండినవారికే యీయవలెనను నియమ మొకటి చేర్చినారని వింటిని. పగలంతయు నాగలి పట్టి, రాత్రి యంతయు గొంతెత్తి పద్యము పాడినవాడు డెబ్బదియేండ్లు బ్రతుకునా యని సభవారు విచారింప ప్రార్థన. అట్లే, ముందుగా మూడు జిల్లాల గ్రామములలోని నటుల పేళ్లు, వారి యూళ్లు, వేసిన వేషములు, హార్మోనియము, మద్దెల వాయించినవారితో సహా, ఒక పుస్తకమున వ్రాయించి, ఆ పిమ్మట బహుమానము సంగతి చూడుడని నా మనవి. కులము చూడక వ్రాయింపవలెను. మన సభ పేరున వెలువడు పుస్తకము గదా యని మనవారి పేళ్లే నింపినచో, నటులలో సగము మంది తప్పిపోవుదురు.

1985లో హైదరాబాదున నెలకొన్న తెలుగు విశ్వవిద్యాలయమునందు రంగస్థల కళలకు ప్రత్యేకశాఖ గలదు. ఆ సంస్థ నాటకము, జానపదకళలు మొదలగు రంగములలో కృషి చేసినవారికి కీర్తి పురస్కారములు ఇచ్చుచు వచ్చినది. 2025లో తెలంగాణ శాసనసభ ఆ విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుచు చట్టము చేసినది. ఇకమీదట అచట సత్కారము పొందిన వీథినటుడు ఇంటికి తీసికొనిపోవు పత్రముపై ఇటిక్యాలపాడు రెడ్డిగారి పేరుండును.

మా యూరి యువకులు ఈ యుగాదికి ఏ నాటకమాడుదుమని నన్నడిగిరి. భక్త తుకారామును వెదకి తెండని చెప్పితిని. ప్రతి యింకను చేతికి రాలేదు. హార్మోనియమునకు మాత్రము క్రొత్త తోలు వేయించినారు.