పొద్దు వాలే వేళ.. ఆయన నడిచేవారు

పొద్దున లేస్తే కరెంట్ అఫైర్స్, రాత్రి పడుకునేదాకా మాక్ టెస్టులు. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే ఫోన్. కంగ్టిలో ఇంటిపట్టునే ఉండి గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో చదువుతున్న మీకు రోజంతా ఇలాగే గడుస్తోందా? అయితే ఏళ్ల తరబడి సాయంత్రం నడకను వదలని ఓ తెలుగువాడి గురించి తెలుసుకోండి. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

1895లో మదనపల్లెలో పుట్టారు. పసితనంలోనే మలేరియా పీడించింది. పదేళ్లకు తల్లి పోయింది. బడిలో పాఠం తలకెక్కేది కాదు. మొద్దబ్బాయి అనుకుని మాస్టార్లు కొట్టేవారు. చదువు రాదన్న మాట మీరూ ఎప్పుడైనా పడి ఉంటే, అది ఎంత గుచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ పిల్లాడికి ఒకటి బాగా వచ్చు. చెట్టునో, మబ్బునో, నేల మీద పురుగునో అలా చూస్తూ ఉండిపోవడం.

1909లో తండ్రి నారాయణయ్య కుటుంబాన్ని మద్రాసులోని అడయారుకు తీసుకొచ్చారు. అక్కడి సముద్రతీరంలో దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట పడ్డాడు ఆ బక్కపల్చని కుర్రాడు. రాబోయే జగద్గురువు ఇతనేనని వాళ్లు నమ్మారు. అనీబిసెంట్ పెంపకంలోకి తీసుకున్నారు. 1911లో ఆయన కోసమే ఓ సంస్థ పెట్టారు. ఒకవైపు అంత పెద్ద ఆశలు. మరోవైపు చూస్తే, లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పదేపదే రాసినా గట్టెక్కలేదు! 1925లో ప్రాణంలా చూసుకున్న తమ్ముడు నిత్యానంద చనిపోయాడు. 1929లో నెదర్లాండ్స్‌లోని ఒమెన్ సభలో, వేలమంది సభ్యులున్న ఆ సంస్థను తానే రద్దు చేశారు. తనకోసం ఇతరులు రాసిపెట్టిన పాత్ర వద్దనుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఓహాయ్‌లో ఉండిపోయారు. కొన్నేళ్లు బహిరంగ ప్రసంగాలు లేవు. తోటపని, ఒంటరిగా సుదీర్ఘ నడకలు.. అంతే. రచయిత ఆల్డస్ హక్స్‌లీ ప్రోత్సాహంతో అప్పుడే రాయడం మొదలుపెట్టారు. ఆ రచనలు తిరగేస్తే, మనిషి బాధల గురించి మాట్లాడేముందు ఓ కొండో, పక్షో, సాయంకాలపు వెలుగో పలకరిస్తుంది. నడకలో కళ్లు తెరుచుకుని చూసినవే కాగితం మీదికి వచ్చాయన్నమాట.

పుట్టిన ఊరికి దగ్గర్లోనే రిషివ్యాలీ బడి పెట్టించారు. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం ఆయనకు గిట్టేది కాదు. అక్కడ అస్తాచల్ అనే అలవాటు ఉంది. పొద్దుగూకే వేళ పిల్లలంతా మాటలు ఆపి, కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. దానికి మార్కులుండవు. మొదటి ర్యాంకూ ఉండదు.

తొంభై ఏళ్ల వయసులోనూ నడక మానలేదు. 1986 జనవరి 10 సాయంత్రం అడయారు తీరంలో చివరిసారి నడిచారు. ఒకప్పుడు ఆయన జీవితం మలుపు తిరిగిన తీరమే అది. ఆ రాత్రే అమెరికా బయల్దేరారు. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూశారు.

ఇందులో మీరు తీసుకోవాల్సింది ఏంటి? నడిస్తే ర్యాంకు వస్తుందని కాదు. రోజంతా మార్కులు, కటాఫ్‌లు, పక్కింటివాళ్ల పోలికలతో నలిగే బుర్రకు, ఎవరూ కొలవని అరగంట కావాలి. దానికి సముద్రం అక్కర్లేదు. ఊరి బయట పత్తి, కంది చేల మధ్య బాట చాలు. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి, ఇయర్‌ఫోన్స్ మాత్రం ఇంట్లో పెట్టేయండి. అడుగులు లెక్కపెట్టకండి, చదివింది నెమరువేయకండి. ఆకాశం రంగు మారడం, కొంగలు గూటికి మళ్లడం చూడండి. అమ్మాయిలైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. చీకటి ముదరకముందే ఇల్లు చేరండి. దీన్ని మాత్రం టైంటేబుల్లో ఇంకో టార్గెట్ చేసుకోకండి. చేసుకున్నారో, అదీ ఓ పరీక్షే అవుతుంది!