బెడ్డోమ్ దొర వెదకిన బల్లులు

తూర్పు కనుమల తేమగల అడవులలో పగటివేళ నడచు బాటసారికి పక్షి కనబడును, సీతాకోకచిలుక కనబడును. నేలబల్లి కనబడుట అరుదు. రాతి క్రిందనో రాలుటాకుల మాటుననో అది పగలంతయు దాగియుండును. చీకటి పడిన పిమ్మట పురుగుల వేటకు బయలుదేరును. రెప్పలు లేని తన కండ్లను నాలుకతో తుడుచుకొనుచు మెల్లగా కదలును. ఇట్టి అల్పప్రాణుల ఉనికిపట్టులను శ్రద్ధతో వ్రాసియుంచిన మహనీయుడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్.

ఆయన 1830లో లండను నగరమున జన్మించెను. 1848లో మద్రాసు సైన్యమున చేరెను. చేతిలో కత్తి యున్నను మనస్సు చెట్టుచేమల మీదనే యుండెను. మద్రాసు రాజధాని అటవీశాఖలో క్లెగ్‌హార్న్‌కు సహాయకుడుగా ప్రవేశించి, 1860లో ఆయన స్థానమున అధిపతియై, 1882 వరకు ఆ పదవిని నిర్వహించెను. దక్షిణదేశపు వృక్షములను గూర్చియు, పర్ణాంగ మొక్కలను గూర్చియు ఆయన ప్రకటించిన గ్రంథములు ప్రసిద్ధములు. అడవి పనిమీద కొండలెక్కినప్పుడెల్ల పాములను, కప్పలను, బల్లులను గూడ సేకరించెను.

1870లో ఆయన తిరుపతి కొండల బల్లి నొకదానిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. దాని మగది బంగారు పూత పూసినట్లు మెరయును. కంచి ఆలయమున బంగారు బల్లిని తాకి తరించు యాత్రికులలో, శేషాచలపు రాతి నెరియలలో సజీవమైన బంగారు బల్లి కలదని యెరిగినవారు కొలదిమందియే. ఆ దశకపు చివరిభాగముననే, నాడు విశాఖపట్టణము జిల్లాలో చేరియుండిన జయపురము సంస్థానపు కొండలలో లభించిన నేలబల్లి నొకదానిని ఆయన వర్ణించెను. దొరకినది ఒక్కటే. అయినను కొండ పేరును, 4,200 అడుగుల ఎత్తును ఆయన వ్రాయ మరువలేదు.

1911లో బెడ్డోమ్ ఇంగ్లండున కన్నుమూసెను. బంగారు బల్లి 1980వ దశకమున మరల శాస్త్రజ్ఞుల కంటబడెను. జయపురపు బల్లి మాత్రము నూటముప్పది యేండ్లకు పైగా ఎవరికిని చిక్కలేదు. అది నశించెనేమో యను శంక కలుగుట సహజమే. అయినను నేలబల్లిని వెదకువారు నిరాశ చెందరు. దీపము చేతబట్టి, జెలగలకు కాళ్లొప్పగించి, రాత్రియెల్ల ఆకులు తొలగించి చూతురు. తుదకు ఒడిశాలోను, ఉత్తరాంధ్రలోను ఆ బల్లి సజీవముగా నున్నదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇన్నేండ్ల పిమ్మట వెదకువారికి ఆనవాలుగా మిగిలినది ఆనాటి ఆ ఒక్క బల్లియు, దానితోడి ఆ కొండ పేరును.

ఆ కొండసీమలలో నేడు కాఫీతోటలును, బాక్సైటు గనులును కలవు. అడవి మిగిలినచోటనే ఆ బల్లి మిగులును. ఒక్క ప్రాణిని జూచి దాని ఇంటి గుర్తును పదిలముగా వ్రాసియుంచుట చిన్నపనిగా తోచవచ్చును. ఆ చిన్నపనిని బెడ్డోమ్ శ్రద్ధతో చేసెను గనుకనే, ఆ బల్లికొరకు వెదకవలెనని ఒక శతాబ్దము దాటిన పిమ్మటను కొందరికి తోచినది.