తెల్ల మేజోళ్ల బిల్లీ సండే

1907లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఫెయిర్‌ఫీల్డ్ అనే పట్టణంలో సువార్త కూటాలు జరిగాయి. కూటాలకు జనం రావాలి. దానికి ప్రసంగీకుడు ఒక ఉపాయం చేశాడు. ఊళ్లోని వ్యాపారస్థులను రెండు జట్లుగా విడదీసి బేస్‌బాల్ పోటీ పెట్టించాడు. తాను ఒకప్పటి ప్రొఫెషనల్ యూనిఫాం తొడుక్కుని మైదానంలోకి దిగి, రెండు జట్ల తరఫునా ఆడాడు. అప్పటికి ఆయన నలభై దాటినవాడు. ఆట మానేసి పదహారేళ్లయింది. అయినా ఆ బట్టలు పారేయలేదు.

ఆయనే బిల్లీ సండే. ఇంటిపేరు చూసి ఎవరో సరదాగా పెట్టుకున్న పేరనుకోవద్దు. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం, వాళ్ల భాషలోని జోన్‌టాగ్ అనే ఇంటిపేరును ఇంగ్లీషులోకి మార్చుకుంది.

1862 నవంబరు 19న అయోవాలో పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధంలో సైనికుడు. కొడుకు పుట్టిన అయిదు వారాలకే సైనిక శిబిరంలో న్యుమోనియాతో చనిపోయాడు. కొడుకు ముఖం ఆయన చూడనేలేదు. కొన్నేళ్లకు తల్లి పోషించలేక బిల్లీని, అన్నను సైనికుల అనాథాశ్రమానికి పంపింది. అక్కడే క్రమశిక్షణా, కొంత చదువూ అబ్బాయి. పరుగులో తనను మించినవాడు లేడని కూడా అక్కడే తెలిసింది.

ఆ పరుగే మార్షల్‌టౌన్ అనే ఊరి జట్టులో చోటిచ్చింది. షికాగో వైట్ స్టాకింగ్స్ జట్టు కెప్టెన్ క్యాప్ ఆన్సన్‌ది కూడా ఆ ఊరే. ఊరివాళ్లు చెప్పగా విని, 1883లో ఈ కుర్రవాణ్ణి షికాగో పిలిపించాడు. చవక రకం ఆకుపచ్చ సూటుతో ఆ మహానగరంలో రైలు దిగానని బిల్లీ తరవాత తన సాక్ష్యంలో చెప్పుకునేవాడు. మొదటి ఆటలో నాలుగుసార్లు బంతిని తాకలేక అవుటయ్యాడు. మరో మూడు ఆటలు గడిచేదాకా బ్యాటుకు సరైన దెబ్బే తగల్లేదు. అయినా ఆన్సన్ ఓపిక పట్టాడు.

బేస్‌బాల్ మన ఊళ్లలో ఆడే ఆట కాదు కాబట్టి ఆ బట్టల గురించి రెండు మాటలు చెప్పాలి. వైట్ స్టాకింగ్స్ అంటే తెల్ల మేజోళ్లు. ఆ రోజుల్లో మోకాలి దాకా వచ్చే మేజోళ్ల రంగే జట్టుకు గుర్తు, చాలాసార్లు పేరు కూడా. 1882లో లీగు పెద్దలు ఒక వింత నియమం పెట్టారు. ఏ స్థానంలో ఆడేవాడు ఆ స్థానానికి కేటాయించిన రంగు చొక్కా వేసుకోవాలి. అంటే రెండు జట్లలోనూ ఒకే స్థానంలో ఆడేవాళ్ల చొక్కాలు ఒకటే. ఎవరు ఎటువైపో తెలియాలంటే కాళ్లకేసి చూడాల్సిందే. ఆటగాళ్లు తిట్టుకున్నారు, జనం నవ్వారు, సీజను మధ్యలోనే ఆ నియమం పోయింది. బిల్లీ ఆ మరుసటి ఏడు వచ్చి బతికిపోయాడు. వీపుల మీద నెంబర్లు లేని కాలం అది.

ఆయన గొప్ప బ్యాట్స్‌మన్ ఎన్నడూ కాలేదు. కానీ బంతి వేసేవాడి కన్నుగప్పి ఒక బేసు నుంచి మరో బేసుకు పరుగెత్తడంలో మొనగాడు. దాన్ని ఆ ఆటలో దొంగతనం అనే అంటారు. 1890లో ఒక్క సీజనులో 84 బేసులు అలా దొంగిలించాడు. కాబోయే సువార్తికుడికి తగిన రికార్డేనా అని నవ్వొస్తుంది.

1886 ప్రాంతంలో ఒక ఆదివారం, జట్టు స్నేహితులతో కలిసి తిరుగుతూ షికాగో వీధిలో ఆగాడు. పసిఫిక్ గార్డెన్ మిషన్‌వాళ్లు వాయిద్యాలతో పాటలు పాడుతున్నారు. అవి చిన్నప్పుడు అమ్మ పాడిన కీర్తనలు. ఆ తరవాత మిషన్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. కొన్ని రాత్రుల పెనుగులాట తరవాత ప్రభువును అంగీకరించాడు.

అక్కడి నుంచి అసలు భయం మొదలైంది. పాత స్నేహితులు ఏమంటారు? మారుమనస్సు పొందిన మనలో చాలామందికి ఈ భయం తెలుసు. జట్టంతా తాగుడుకూ జూదానికీ పేరుపడ్డది. ఎగతాళి తప్పదనుకుంటూ ఆయన మైదానానికి వెళ్లాడు. ముందుగా ఎదురొచ్చి చెయ్యి కలిపినవాడు మైక్ కెల్లీ. అభిమానులు రాజు అని పిలుచుకున్న ఆ కెల్లీ కేథలిక్కు, పెద్ద తాగుబోతు. అయినా బిల్లీ నిర్ణయాన్ని గౌరవించాడు. ఆ మేలును ఆయన మరవలేదు.

కెల్లీ 1894లో, 36 ఏళ్లకే న్యుమోనియాతో పోయాడు. జట్టు క్యాచర్ ఫ్రాంక్ ఫ్లింట్ అంతకు రెండేళ్ల ముందు క్షయతో, అదే వయసులో పోయాడు. వీళ్ల కథలు బిల్లీ ప్రసంగాల్లో ఎన్నోసార్లు వచ్చాయి. చెప్పినకొద్దీ వాటికి కొంత రంగు ఎక్కిందన్నది చరిత్రకారుల మాట. వేదిక మీద సాక్ష్యం చెప్పేవారందరికీ ఉన్న శోధనే ఇది, మనవాళ్లూ మినహాయింపు కాదు.

ఆయన ఒక్క రాత్రిలో ప్రసంగీకుడు కాలేదు. తాగుడు, బూతులు, జూదం మానేశాడు. సంఘానికి క్రమంగా వెళ్లాడు. ఆట లేని చలికాలంలో ఎవాన్‌స్టన్‌లో విద్యార్థులకు బేస్‌బాల్ నేర్పుతూ తాను మాట్లాడటం నేర్చుకున్నాడు. నెల్ థామ్సన్‌ను ప్రేమించాడు. ఆటగాడికి పిల్లనివ్వడానికి ఆమె తండ్రికి ఇష్టం లేదు. ఒప్పించి 1888లో పెళ్లి చేసుకున్నాడు. 1891లో ఏడాదికి 3,500 డాలర్ల ఆట ఒప్పందం వచ్చింది. అది కాదని, నెలకు 83 డాలర్లకు షికాగో వైఎంసీఏలో చేరాడు. రోగులను చూడటం, తాగుబోతులతో మాట్లాడటం, బార్లకు వెళ్లి మనుషులను కూటాలకు పిలవడం అక్కడి పని. అప్పటికి ఇంట్లో చంటిపిల్ల ఉంది.

తరవాత విల్బర్ చాప్‌మన్ అనే సువార్తికుడి దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. ముందుగా ఊళ్లకు వెళ్లి ఏర్పాట్లు చూసేవాడు. చాప్‌మన్ సంఘ కాపరిగా వెళ్లిపోయినప్పుడు పని పోయినంత పనైంది. 1896 జనవరిలో గార్నర్ అనే చిన్న ఊళ్లో తొలిసారి సొంతంగా కూటాలు నడిపాడు. చేతిలో ఉన్న ప్రసంగాలు కొన్నే, అవీ చాప్‌మన్ దగ్గర నేర్చుకున్నవే. చాలా ఏళ్లు గుడారాల్లో ప్రసంగించాడు. 1906లో కొలరాడోలో మంచు పడి గుడారం కూలిపోయాక, చెక్కతో తాత్కాలిక మందిరాలు కట్టించసాగాడు. అడుగుల చప్పుడు వినబడకుండా నేల మీద రంపపు పొట్టు పోయించేవాడు. ప్రసంగం మధ్యలో పరుగెత్తి, బేసు అందుకునేవాడిలా వేదిక మీద జారేవాడు.

1917లో న్యూయార్కులో పది వారాల కూటాల చివర వచ్చిన కానుక లక్షా ఇరవై వేల డాలర్లు దాటింది. దాన్నంతా యుద్ధకాల సేవకు ఇచ్చేశాడు. మిగతా ఊళ్ల కానుకలతో ఆయన ధనవంతుడయ్యాడన్నదీ నిజమే, దాని మీద విమర్శలూ వచ్చాయి.

అంతకంటే మమ్మల్ని బాధపెట్టేది మరొకటి. అదే 1917లో అట్లాంటాలో నల్లజాతివారికి వేరుగా కూటాలు పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఆయనను పైకి తెచ్చిన ఆన్సన్, 1883లోనే టొలీడో జట్టులో ఫ్లీట్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు ఉంటే ఆడనని మొండికేశాడు. టికెట్ల డబ్బు పోతుందని తరవాత ఒప్పుకున్నాడు. పాత స్నేహితుల తాగుడును వదిలించుకున్న బిల్లీకి ఈ పాపం మాత్రం పాపంలా కనబడలేదు. అమెరికావాళ్లను నిందించేముందు, మన ఊళ్లలో ఒకే ప్రభువు పేరున వీధికొకటిగా, కులానికొకటిగా లేచిన మందిరాలను లెక్కపెట్టుకోవాలి.

ఇంట్లోనూ దుఃఖమే. దేశమంతా తిరిగి ఇతరుల కుటుంబాలను సరిదిద్దిన తల్లిదండ్రులకు, సొంత కొడుకులు దూరమయ్యారు. 1932లో కూతురు హెలెన్ చనిపోయింది. మరుసటి ఏడు పెద్దకొడుకు జార్జి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దెబ్బల తరవాత కూడా, జనం తగ్గినా, పిలిచిన చిన్న సంఘాలకు వెళ్లి ప్రసంగిస్తూనే ఉన్నాడు.

1935 నవంబరు 6న షికాగోలో కన్నుమూశాడు. అదే నగరంలో 1918లో జరిపిన కూటాల కానుకను ఆయన పసిఫిక్ గార్డెన్ మిషన్‌కు ఇచ్చివేశాడు. ఆ మిషన్‌లో నేటికీ ఇల్లులేనివారికి పడకా, భోజనమూ పెడుతున్నారు.