ద్వీపవాసుల ప్రతినిధి ఎబెనీజర్ అలెన్

అమెరికా ఈశాన్యభాగమున వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రముల నడుమ షాంప్లేన్ అను పెద్ద సరస్సు ఉన్నది. అందలి సౌత్ హీరో దీవిలో తొలుత కాపురము పెట్టినవాడు, ఆ దీవి రైతుల పక్షమున శాసనసభలో కూర్చున్నవాడు ఎబెనీజర్ అలెన్. అయినను అతని పేరు నేటికిని నిలిచియుండుటకు కారణము ఆ పదవి కాదు. అంతకు పదేండ్లకు పూర్వమే, యుద్ధకాలమున, అతడు వ్రాసియిచ్చిన ఒక చిన్న పత్రము.

అలెన్ 1743లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో జన్మించినాడు. బాల్యమున కమ్మరిపని నేర్చినాడు. 1768లో బెన్నింగ్టన్ ప్రాంతమునకు వలస వచ్చినాడు. న్యూ హాంప్‌షైర్ గవర్నరు ఇచ్చిన పట్టాలతో అచ్చట స్థిరపడిన రైతులకును, ఆ భూములు తమవేయను న్యూయార్క్ అధికారులకును అప్పుడు తీవ్రమైన తగవు. ఆ రైతులే గ్రీన్ మౌంటెన్ బాయ్స్ అను దళముగా ఏర్పడినారు. అలెన్ అందులో లెఫ్టినెంటు. 1775 మే 10న టైకండెరోగా కోటను పట్టుకొన్నవారిలో అతడును ఒకడు.

వెర్మాంట్ స్వతంత్రతకై 1776, 1777 సంవత్సరములలో జరిగిన సభలకు అతడు ప్రతినిధిగా వెళ్లినాడు. 1777 జూలైలో విండ్సర్ సభ ఆమోదించిన రాజ్యాంగము దాస్యమును నిషేధించినది. అయితే ఆ రక్షణ పురుషులకు 21, స్త్రీలకు 18 ఏండ్లు నిండిన పిమ్మటనే.

ఆ నవంబరులో, టైకండెరోగానుండి వెనుకకు మరలుచున్న బ్రిటిషు సైనికులను కొందరిని కెప్టెన్ అలెన్ దళము బంధించినది. వారివెంట డైనా మాటిస్ అను ఆఫ్రికా జాతి బానిస స్త్రీ, రెండు నెలల పసికందు నాన్సీ ఉన్నారు. యుద్ధమున చిక్కిన సొత్తు పట్టుకొన్నవారికే చెందునని కాంటినెంటల్ కాంగ్రెసు తీర్మానము. బానిసను సొత్తుగా ఎంచు ఆ దినములలో తల్లీబిడ్డలు దళమువారి సొమ్మే. అమ్మినచో తలా కొంత ముట్టెడిది.

అలెన్ తన సైనికులను సమ్మతింపజేసినాడు. 1777 నవంబరు 28న పాలెట్ గ్రామమున విడుదల పత్రము వ్రాసినాడు. మనుష్యులను బానిసలుగా ఉంచుట దైవసమ్మతము కాదను తన విశ్వాసమును అందు తెలిపినాడు. తల్లీబిడ్డలు పుట్టుకతోనే స్వతంత్రులైనవారివలె ఎచ్చటికైనను పోవచ్చును, వ్యాపారము చేసికొనవచ్చును, ఎవరును అడ్డగింపరాదు. తీర్మానము తమకిచ్చిన హక్కునే వారి విముక్తికి ఆధారము చేసినాడు. రాజ్యాంగము వయసు నిండినవారికే ఇచ్చిన దానిని పాలుత్రాగు పసిపాపకును ఇచ్చినాడు. మాట మార్చుటకు వీలులేకుండ ఆ పత్రము బెన్నింగ్టన్ పట్టణపు దస్తరములో నమోదైనది.

1783లో అతడు సౌత్ హీరో చేరినాడు. చుట్టును నీరు, లోపల అడవి. దీవి దక్షిణపు కొనను అడవి నరికి నివాసమేర్పరచుకొని, బాటసారులకు సత్రము నడిపినాడు. 1788నుండి 1792వరకు ఆ దీవివాసుల ప్రతినిధిగా శాసనసభలో ఉన్నాడు. 1791లో వెర్మాంట్ సంయుక్తరాష్ట్రములలో పదునాలుగవ రాష్ట్రముగా చేరుటకు ముందు, సమాఖ్య రాజ్యాంగమును ఆమోదించిన సభలోను సభ్యుడు. 1800లో బర్లింగ్టన్‌కు తరలిపోయి, 1806 మార్చి 26న అచ్చటనే మరణించినాడు.

శాసనములు చేయు పదవి అతనికి తరువాత వచ్చినది. శాసనము చేరని చోట న్యాయము చేయుట అంతకు ముందే నేర్చినాడు. దీవి కొనకు నేటికిని అలెన్ పేరే. ఆ పేరు విన్నప్పుడు పాలెట్ గ్రామపు పత్రమును, అందలి తల్లీబిడ్డల పేర్లను కూడ తలచుకొనుట న్యాయము.